మొక్కలు నీటిని దాటి నేల మీద ఎలా నిలదొక్కుకున్నాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ బైపీసీ, డిగ్రీ వృక్షశాస్త్రం చదివేవాళ్లు, బడుల్లో జీవశాస్త్రం చెప్పేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఏ మార్పు ఎందుకు అవసరమైంది, అది ఏ కొత్త చిక్కు తెచ్చింది అన్నదాని మీదే ఇక్కడ ఎక్కువ శ్రద్ధ పెట్టాం.

నీటిలోని మొక్కకు లేని ఏ ఇబ్బంది నేల మీద మొక్కకు ఉంది?

చెరువులోని ఆకుపచ్చ శైవలానికి (నాచుకు) చుట్టూ నీరే. ఒంటి మీది ప్రతి కణమూ నీటిని, లవణాలను నేరుగా తీసుకుంటుంది. నీరే దాన్ని తేల్చి ఉంచుతుంది కాబట్టి కాండం అక్కర్లేదు. పురుషబీజాలు ఈదుకుంటూ వెళ్లి అండాన్ని చేరతాయి. నేల మీద ఈ సౌకర్యాలన్నీ ఒక్కసారిగా పోతాయి. గాలి సాంద్రత నీటి సాంద్రతలో దాదాపు 800వ వంతే, అది మొక్క బరువు మోయదు. నీరు కింద మట్టిలో ఉంటుంది, వెలుతురు పైన ఉంటుంది. అతినీలలోహిత కిరణాలను కొంతైనా ఆపే నీటి పొర ఉండదు.

లాభాలు కూడా తక్కువేం కాదు. వెలుతురుకు అడ్డం లేదు. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కన్నా గాలిలో సుమారు 10,000 రెట్లు వేగంగా వ్యాపిస్తుంది. అయితే దాన్ని అందుకోవాలంటే మొక్క తన తడి కణాలను గాలికి తెరవాలి. తెరిస్తే నీరు ఆవిరైపోతుంది. నేల మొక్కల చరిత్రలోని పెద్ద మార్పులన్నీ ఈ చిక్కుముడి చుట్టూనే తిరుగుతాయి.

మొదటి నేల మొక్కలు ఎప్పుడు వచ్చాయి? అది ఎలా తెలిసింది?

బలమైన తొలి ఆధారం సిద్ధబీజాలు, అంటే మొలిచి కొత్త మొక్కయ్యే రేణువులు (స్పోర్లు). అర్జెంటీనాలో సుమారు 47 కోట్ల సంవత్సరాల నాటి ఆర్డోవిషియన్ రాళ్లలో నేల మొక్కల సిద్ధబీజాలు దొరికాయి. ఆ మొక్కల ఒళ్లు మెత్తనివి, కుళ్లిపోయాయి. సిద్ధబీజాల గోడలో ఉండే స్పోరోపొలెనిన్ మాత్రం ఆమ్లాలకు, ఎండకు, సూక్ష్మజీవులకు లొంగని పదార్థం. అందుకే అవి మిగిలాయి. ఈ పదార్థం నేల మీద కొత్తగా పుట్టింది కాదు. కారా లాంటి మంచినీటి శైవలాలు సంయుక్తబీజం (ఫలదీకరణ చెందిన అండం) గోడలో దీన్ని ముందే వాడుతున్నాయి. నేల మొక్కలు దాన్ని సిద్ధబీజం చుట్టూ కట్టుకున్నాయి.

కాడతో సహా కనిపించే తొలి శిలాజాల్లో ముఖ్యమైనది కుక్సోనియా, వయసు సుమారు 43 కోట్ల సంవత్సరాలు. కొన్ని సెంటీమీటర్ల ఎత్తు, రెండేసిగా చీలే కాడ, కొనల్లో సిద్ధబీజాశయాలు. ఆకులు లేవు. 1937లో డబ్ల్యూ. హెచ్. లాంగ్ దీనికి ఆస్ట్రేలియా వృక్షశాస్త్రవేత్త ఇసబెల్ కుక్సన్ పేరు పెట్టాడు.

అన్నిటికన్నా నాణ్యమైన సాక్ష్యం స్కాట్లాండ్‌లోని రైనీ గ్రామం దగ్గరి రాయి. 1912లో విలియం మ్యాకీ అనే వైద్యుడు దాన్ని గుర్తించాడు. సుమారు 40.7 కోట్ల సంవత్సరాల క్రితం అక్కడి వేడినీటి బుగ్గల్లోని సిలికా మొక్కల్ని నిలుచున్నవాటిని నిలుచున్నట్టే రాయిగా మార్చేసింది. పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే పత్రరంధ్రాలు, నీటిని మోసే దారుకణాలు, కణాల్లోకి చొచ్చుకుపోయిన శిలీంధ్రం దాకా కనిపిస్తాయి.

నేల మొక్కల పూర్వీకుడు కారా అని కొన్ని పుస్తకాల్లో, స్పైరోగైరా అని కొన్నిచోట్ల ఉంది. ఏది సరి?

రెండూ పూర్వీకులు కావు, దాయాదులు. ఇప్పుడు బతికున్న శైవలం ఏదీ 47 కోట్ల ఏళ్ల నాటి మొక్కకు తాత కాలేదు. దగ్గరి దాయాది ఎవరన్నదే ప్రశ్న. కారా ఒళ్లు పెద్దది, కొమ్మలున్నట్టు కనిపిస్తుంది, అండానికి చుట్టూ రక్షణ ఉంది. అందుకే చాలాకాలం దానికే ఆ స్థానం ఇచ్చారు. డీఎన్‌ఏ పోలికలు మాత్రం స్పైరోగైరా, జైగ్నిమా ఉన్న వర్గమే నేల మొక్కలకు అత్యంత సమీపమని చెబుతున్నాయి. ఎండుదలను తట్టుకోవడంలో పనిచేసే కొన్ని జన్యువులు నేల మొక్కల్లోనూ ఈ వర్గంలోనూ ఉన్నాయి. అంటే ఎండే గుంటల అంచుల్లో బతికే శైవలాల్లోనే సగం సన్నద్ధత జరిగిపోయింది.

అవభాసిని నీరు పోకుండా ఆపుతుంది కదా, మళ్లీ పత్రరంధ్రాలెందుకు?

అవభాసిని క్యూటిన్, మైనం కలిసిన పూత. నీటి ఆవిరిని ఆపే పూత కార్బన్ డయాక్సైడ్‌నూ ఆపుతుంది. ఒళ్లంతా పూసుకుని ఊరుకుంటే ఆకు ఆకలితో చస్తుంది. పూతలో రంధ్రాలు, వాటిని మూసే రెండు రక్షక కణాలు అందుకే వచ్చాయి. రక్షక కణాల్లోకి పొటాషియం, దాని వెంట నీరు చేరితే అవి ఉబ్బి రంధ్రం తెరుచుకుంటుంది. నీరు తగ్గితే మూసుకుంటుంది. పరీక్షలో అవభాసిని, పత్రరంధ్రాలను రెండు వేర్వేరు పాయింట్లుగా రాసి వదిలేస్తారు. ఒకటి ఉండబట్టే రెండోది అవసరమైందని రాయండి.

ఇంత ఏర్పాటు ఉన్నా ఖర్చు భారీగానే ఉంటుంది. వరి లాంటి మామూలు మొక్క ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువును పట్టుకోవడానికి సుమారు 400 నీటి అణువులను పోగొట్టుకుంటుంది.

మార్కాన్షియా లాంటి లివర్‌వర్ట్‌లలో పత్రరంధ్రాలు లేవు. మార్కాన్షియా పైభాగంలో కనిపించేవి పీపా ఆకారపు గాలిరంధ్రాలు, రక్షక కణాలున్న పత్రరంధ్రాల్లా అవి తెరుచుకుని మూసుకునేవి కావు. మాస్‌లు, హార్న్‌వర్ట్‌లలో నిజమైన పత్రరంధ్రాలుంటాయి. అయితే ఆకుల్లాంటి భాగాల మీద వెతికితే దొరకవు, సిద్ధబీజాలు తయారయ్యే భాగం మీదే ఉంటాయి.

పత్రరంధ్రాలను బడిలో చూపించడం ఎలా?

రంగులేని నెయిల్ పాలిష్, పారదర్శక టేపు, గాజు పలక, సూక్ష్మదర్శిని చాలు.

1. నున్నటి ఆకు తీసుకుని అడుగువైపు తుడిచి ఆరబెట్టండి. ఉదయం తెంపిన ఆకైతే రంధ్రాలు తెరిచి ఉండే అవకాశం ఎక్కువ.
2. ఒక చదరపు సెంటీమీటరు మేర పలచగా ఒక్క పూత వేయండి.
3. 10–15 నిమిషాలు పూర్తిగా ఆరనివ్వండి.
4. టేపు అంటించి మెల్లగా పీకి, పూత అచ్చుతో సహా గాజు పలక మీద అతికించండి.
5. ముందు 10 రెట్ల కటకంతో, తర్వాత 40 రెట్ల కటకంతో చూడండి.

పూత మందమైతే అచ్చు మసకగా వస్తుంది. ఆరకముందే పీకితే సాగిపోతుంది. నూగున్న ఆకుల మీద పూత అడుగుదాకా చేరదు. పైవైపు అచ్చు కూడా తీసి పోల్చండి: చాలా చెట్లకు అడుగున ఎక్కువగా, పైన తక్కువగా ఉంటాయి లేదా అసలుండవు. నీటి మీద తేలే తామరాకుకు పైవైపే ఉంటాయి, ఎందుకంటే దాని అడుగు నీటిని తాకుతూ ఉంటుంది.

వేళ్లు లేకుండా తొలి మొక్కలు మట్టి నుంచి పోషకాలు ఎలా తీసుకున్నాయి?

శిలీంధ్రాల సాయంతో. రైనీ రాయిలోని అగ్లావోఫైటాన్ కాడ కణాల్లో చెట్టు కొమ్మల్లా చీలిన శిలీంధ్ర తంతువులు ఉన్నాయి. ఈనాటి పొలాల్లో చాలా పంటల వేళ్లలో ఉండే సహజీవనం అదే రకం. మొక్క చక్కెర ఇస్తుంది, శిలీంధ్రం ఫాస్ఫరస్ తెచ్చి ఇస్తుంది. ఫాస్ఫరస్ మట్టిలో దాదాపు కదలని మూలకం, దాని దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లాల్సిందే. అసలైన వేళ్లు తర్వాత వచ్చాయి, అదీ కనీసం రెండుసార్లు విడివిడిగా: లైకోపాడ్‌ల (సెలాజినెల్లా లాంటి మొక్కల) వంశంలో ఒకసారి, ఫెర్న్‌లు, విత్తన మొక్కలున్న వంశంలో మరోసారి.

మాస్‌లు పొట్టిగా ఎందుకు ఉండిపోయాయి? అవి సగంలో ఆగిపోయిన మొక్కలా?

కావు. దాదాపు 20,000 బ్రయోఫైటా (మాస్‌లు, లివర్‌వర్ట్‌లు, హార్న్‌వర్ట్‌లు) జాతులు నేటికీ బతుకుతున్నాయి. వివృతబీజాలు (పైన్, సైకస్ లాంటివి) మొత్తం కలిపినా సుమారు వెయ్యి జాతులే.

మాస్‌లలో లిగ్నిన్ దన్ను ఉన్న దారువు (నీటిని పైకి మోసే గట్టి గొట్టాల కణజాలం) లేదు. రైజాయిడ్లు పట్టుకోవడానికి పనికొస్తాయి గానీ వేళ్లలా నీళ్లు తోడలేవు. నీరు ఎక్కువగా ఒంటి బయటి నుంచే, ఆకుల మధ్య సందుల్లో ఎగబాకుతుంది. ఈ పద్ధతిలో ఎత్తు పెరగడానికి వీల్లేదు. అన్నిటికన్నా ఎత్తైన డాసోనియా కూడా అర మీటరు దగ్గరే ఆగుతుంది. మరో అడ్డంకి పురుషబీజాలు. అవి ఈదాలంటే స్త్రీబీజాశయం దాకా నీటి పొర ఉండాలి, నేలకు దగ్గరగా ఉంటేనే అది కుదురుతుంది.

నీటి విషయంలో ఇవి ఎంచుకున్న దారే వేరు. పెద్ద మొక్కలు లోపలి నీటిని కాపాడుకుంటాయి. మాస్‌లు గాలితో పాటు ఎండిపోతాయి, వానతో పాటు లేస్తాయి. వేసవిలో గోధుమరంగు పొట్టులా కనిపించే మెత్త మీద నీళ్లు చల్లితే చాలా జాతులు నిమిషాల్లో విచ్చుకుంటాయి. ఎండే ముందు కణాల్లో చక్కెరలు, రక్షక ప్రోటీన్లు చేరి పొరలను కాపాడతాయి. ఎండలో వేడెక్కిన బండ మీద వేపచెట్టు మొలవలేదు, మాస్ మొలుస్తుంది. స్ఫాగ్నమ్ అయితే తన పొడి బరువుకు దాదాపు 20 రెట్ల నీటిని పట్టి ఉంచగలదు.

దారువు అంత గొప్పదెందుకు? దాని బలహీనత ఏమిటి?

దారుకణం చచ్చాకే పనికొస్తుంది. లోపలి జీవపదార్థం పోయి, లిగ్నిన్‌తో గట్టిపడిన గొట్టం మిగులుతుంది. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే ఆ లాగుడుకు కింది నీరు తీగలా పైకి వస్తుంది. గొట్టం మెత్తనిదైతే ఆ లాగుడుకు లోపలికి కుంగిపోతుంది. లిగ్నిన్ దాన్ని ఆపుతుంది, చెట్టునూ నిలబెడుతుంది. ఒకే పదార్థం రెండు పనులు చేయడం వల్లే కాలిఫోర్నియా రెడ్‌వుడ్ 115 మీటర్ల ఎత్తు దాటగలిగింది.

గొట్టం వ్యాసం రెండింతలైతే ప్రవాహం 16 రెట్లవుతుంది. పూల మొక్కల్లోని వెడల్పాటి దారునాళాలు అందుకే అంత వేగంగా నీటిని చేరుస్తాయి. చిక్కు కరువులో వస్తుంది. లాగుడు మితిమీరితే నీటి తీగ తెగి, గాలి బుడగ చేరి, ఆ గొట్టం పనిచేయడం మానేస్తుంది. పొడవాటి నాళంలో ఒక్క బుడగ చాలా నష్టం చేస్తుంది. పైన్ లాంటి చెట్లు చిన్న దారుకణాలతోనే సరిపెట్టుకుంటాయి, వాటి మధ్య గుంటల్లో బుడగను ఆపే చిన్న బిళ్ల ఉంటుంది. వేగం తక్కువ, భద్రత ఎక్కువ.

వెడల్పాటి ఆకులు అంత ఆలస్యంగా ఎందుకు వచ్చాయి?

కాడలు వచ్చాక వెడల్పాటి ఆకులు మామూలు కావడానికి దాదాపు 4 కోట్ల ఏళ్లు పట్టింది. దీనికి బాగా నిలబడిన వివరణ వేడికి సంబంధించింది. అప్పటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ చాలా ఎక్కువ కాబట్టి కొద్ది రంధ్రాలే సరిపోయేవి. కొద్ది రంధ్రాలున్న వెడల్పాటి ఆకు ఎండలో చల్లబడలేక మాడిపోతుంది. డెవోనియన్ కాలం చివర్లో (సుమారు 36 కోట్ల ఏళ్ల క్రితం) ఆ వాయువు బాగా తగ్గాక రంధ్రాల సంఖ్య పెరిగింది, ఆవిరితో చల్లబడడం కుదిరింది, ఆకు విస్తరించింది.

ఫెర్న్‌కు దారువు, వేళ్లు అన్నీ ఉన్నాయి. అయినా నీడలో, తడిలోనే ఎందుకు?

మనకు కనిపించే ఫెర్న్ మొక్క సిద్ధబీజదం, అంటే సిద్ధబీజాలను తయారుచేసే మొక్క. అది ఎండను ఓ మోస్తరుగా తట్టుకుంటుంది. దాని సిద్ధబీజం మొలిచి అయ్యే ప్రోథాలస్ మరో స్వతంత్ర మొక్క. అర సెంటీమీటరు పైచిలుకు వెడల్పు, మధ్యలో తప్ప ఒక్క కణం మందం, దారువు లేదు. అండం, పురుషబీజాలు తయారయ్యేది అక్కడే. ఫెర్న్ ఎక్కడ బతకాలో నిర్ణయించేది ఈ చిన్న మొక్కే. దీన్ని పెంచి చూస్తే పాఠం మనసులో నిలిచిపోతుంది.

పాత గోడల మీద, బావి ఒరల మీద పెరిగే ఫెర్న్ ఆకు తీసుకోండి. అడుగున సిద్ధబీజాశయాల చారలు ముదురు గోధుమరంగులో నిండుగా ఉండాలి. ఆకుపచ్చగా ఉంటే పండలేదు, చిరిగిన పొట్టులా ఉంటే అప్పటికే రాలిపోయాయి. తెల్ల కాగితంలో మడిచి ఒకటి రెండు రోజులు పొడి చోట ఉంచండి. కాగితాన్ని కొద్దిగా వంచి తడితే పొట్టు ముందు జారుతుంది, సిద్ధబీజాల పొడి కాగితాన్ని అంటుకుని మిగులుతుంది.

మూత ఉన్న పారదర్శక డబ్బాలో రెండు పాళ్లు కొబ్బరిపొట్టు, ఒక పాలు ఇసుక కలిపి 3 సెంటీమీటర్ల మందాన వేసి, మరిగే నీళ్లు పోయండి. మూత పెట్టి చల్లారనివ్వండి. పైన పొడిని చాలా పలచగా తట్టి, మళ్లీ మూత పెట్టి, ఎండ తగలని వెలుతురులో ఉంచండి. ఒకటి నుంచి మూడు వారాల్లో పచ్చటి పూత, రెండు మూడు నెలల్లో హృదయాకారపు ప్రోథాలస్‌లు వస్తాయి. అప్పటి నుంచి కాచి చల్లార్చిన నీటిని వారానికి రెండుసార్లు సన్నగా పైనుంచి చల్లాలి. ఆ నీటి పొరలోనే పురుషబీజాలు ఈదుతాయి. మరికొన్ని వారాలకు గుండె గాడి దగ్గర తొలి ఆకు లేస్తుంది. మొక్క 2–3 సెంటీమీటర్లయ్యాక మూతను రోజురోజుకూ కొంచెం ఎక్కువ తెరుస్తూ పది రోజుల్లో బయటి గాలికి అలవాటు చేయండి.

చెడేది ఎక్కువగా ఇక్కడ: పొడి ఒత్తుగా చల్లితే ప్రోథాలస్‌లు కిక్కిరిసి, పరస్పరం వదిలే రసాయనం వల్ల చాలావరకు మగవే అవుతాయి, మొక్క రాదు. నేరుగా ఎండ తగిలితే మూసిన డబ్బా లోపల ఉడికిపోతాయి. కాచని నీరు వాడితే శైవలాలు, బూజు కమ్మేస్తాయి. నీరు చల్లిన డబ్బాను, చల్లకుండా ఉంచిన డబ్బాను పోల్చాలనుకుంటే మూత నుంచి బొట్లు పడకుండా వాలుగా పెట్టండి. ఇంకో జాగ్రత్త: కొన్ని ఫెర్న్‌లు ఫలదీకరణ లేకుండానే ప్రోథాలస్ నుంచి మొక్కను పుట్టిస్తాయి. అలాంటి జాతి దొరికితే రెండు డబ్బాల్లోనూ మొక్కలొస్తాయి.

విత్తనం ఈ చిక్కును ఎలా విప్పింది?

మూడు అడుగుల్లో చూడాలి. మొదట సిద్ధబీజాలు రెండు సైజులయ్యాయి: చిన్నవి మగవి, పెద్దవి ఆడవి. సెలాజినెల్లా, మార్సీలియా, అజోలా నేటికీ ఈ దశను చూపిస్తాయి. తర్వాత పెద్ద సిద్ధబీజం రాలడం మానేసి తల్లి మొక్క మీదే, తన సంచిలోనే మొలకెత్తింది. సంచిలో ఒక్కటే మిగిలింది. చివరగా ఆ సంచి చుట్టూ కవచం వచ్చింది. ఎండకు చచ్చే ఆ సున్నితమైన ఆడ ప్రోథాలస్ ఇప్పుడు అండంలో (ఇక్కడ అండం అంటే అండకణం కాదు, విత్తనంగా మారే భాగం), తల్లి పోషణలో, కవచం కింద భద్రంగా ఉంది. మగది పరాగరేణువుగా గాలిలో వస్తుంది. బయటి నీటి అవసరం తీరిపోయింది. ఇలాంటి తొలి అండాలు డెవోనియన్ చివర, సుమారు 36 కోట్ల సంవత్సరాల క్రితం నాటివి. అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో దొరికిన ఎల్కిన్సియా అందులో బాగా తెలిసినది.

పిండానికి ఆహారం కట్టి ఇవ్వడం, అదను వచ్చేదాకా ఆగడం కూడా విత్తనంతోనే వచ్చాయి. చైనాలో పాత చెరువు మట్టిలో దొరికిన సుమారు 1300 ఏళ్ల తామర గింజ మొలకెత్తింది.

విత్తన మొక్కల్లో పురుషబీజాలు ఈదడం పూర్తిగా పోయిందా?

సైకస్, గింగోలలో పోలేదు. 1896లో జపాన్‌లో హిరాసే గింగోలోనూ, ఇకెనో సైకస్‌లోనూ ఈదే పురుషబీజాలను కనుగొన్నారు. వీటి పరాగనాళం అండ కణజాలంలోకి పోషణ కోసం వేరులా పాకుతుంది. చివరికి పురుషబీజాలు అండం లోపలి చిన్న ద్రవపు గదిలోకి దిగి కాస్త దూరం ఈదుతాయి. నీరు కావాల్సిందే, కానీ దాన్ని మొక్క తానే ఇస్తోంది. పైన్‌లు, పూల మొక్కల్లో నాళమే పురుషబీజాలను అండకణం దాకా మోసుకెళ్తుంది, ఈత అక్కర్లేదు. శేషాచలం కొండల్లో పెరిగే, స్థానికంగా పేరిత అనే సైకస్ బెడ్డోమై ఈ పాత పద్ధతికి మన దగ్గరి ఉదాహరణ. దాని అంతర్జాతీయ వ్యాపారం మీద కఠిన ఆంక్షలున్నాయి కాబట్టి నమూనాల కోసం అడవిలో తెంపకండి.

సింగరేణి బొగ్గు లెపిడోడెండ్రాన్ చెట్ల నుంచి వచ్చిందని రాయొచ్చా?

రాయకూడదు. యూరప్, అమెరికాల కార్బోనిఫెరస్ బొగ్గులో లెపిడోడెండ్రాన్ లాంటి లైకోపాడ్ చెట్లదే పెద్ద వాటా. అవి 30 మీటర్లు పెరిగినా చిత్తడి నేలను దాటలేదు. గోదావరి లోయ బొగ్గు తర్వాతి పెర్మియన్ కాలానిది. అప్పుడు మన నేల గోండ్వానాలో భాగం, అడవుల్లో ప్రధానమైనది గ్లోసోప్టెరిస్ అనే విత్తన చెట్టు. నాలుకలాంటి ఆకు, మధ్య ఈనె, వల అల్లినట్టుండే పక్క ఈనెలు దాని గుర్తులు.

పూల మొక్కలు కొత్తగా ఏం చేశాయి?

సుమారు 13 కోట్ల ఏళ్ల నాటి పరాగరేణువుల నుంచి వీటి జాడ స్పష్టంగా ఉంది, ఇప్పుడు దాదాపు 3 లక్షల జాతులు. అండాలను ఫలదళంలో మూసేశాయి, పరాగాన్ని కీటకాలతో నేరుగా చేరవేయించాయి. ద్విఫలదీకరణ (ఒక పురుషబీజం పిండాన్ని, మరొకటి దానికి ఆహారమిచ్చే అంకురచ్ఛదాన్ని ఏర్పరచడం) వల్ల ఫలదీకరణ జరిగాకే అంకురచ్ఛదంలో ఆహారం కూడుతుంది. పైన్ జాతులు ఆ ఆహారాన్ని ముందే పోగేస్తాయి, పిండం ఏర్పడకపోతే అది వృథా.

నీటి ఖర్చు తగ్గించే రెండు పద్ధతులు కూడా వీటిలోనే బాగా విస్తరించాయి. జొన్న, మొక్కజొన్న, చెరకు కార్బన్ డయాక్సైడ్‌ను లోపలి కణాల్లోకి పంపు చేసినట్టు పోగేస్తాయి కాబట్టి రంధ్రాలు ఎక్కువ తెరవనక్కర్లేదు. ఈ సి4 పద్ధతి 60 సార్లకు పైగా విడివిడిగా పుట్టింది. నాగజెముడు రాత్రి చల్లదనంలో రంధ్రాలు తెరిచి ఆ వాయువును ఆమ్లంగా దాచుకుని, పగలు మూసుకుని వాడుకుంటుంది.

బ్రయోఫైటా నుంచి టెరిడోఫైటా (ఫెర్న్ లాంటివి), అక్కడి నుంచి విత్తన మొక్కలు అని వరుసగా రాస్తే తప్పా?

లక్షణాలు పోల్చడానికి ఆ వరుస సౌకర్యంగా ఉంటుంది, వంశక్రమంగా రాస్తే తప్పు. ఇటీవలి జన్యు పరిశీలనల్లో ఎక్కువ భాగం మాస్‌లు, లివర్‌వర్ట్‌లు, హార్న్‌వర్ట్‌లు ఒకే కొమ్మ అనీ, నాళికా మొక్కలు దాని పక్క కొమ్మ అనీ చూపుతున్నాయి. ఒకదాని నుంచి మరొకటి రాలేదు. లివర్‌వర్ట్‌లకు పత్రరంధ్రాలు లేకపోవడం కూడా ఉన్నవి పోవడం వల్లే అని చాలామంది నిపుణుల అభిప్రాయం.

నేల మీద స్థిరపడ్డాక తిరిగి నీటిలోకి వెళ్లిన మొక్కలున్నాయా?

చాలా ఉన్నాయి, వాటిని చూస్తే ఏ లక్షణం దేనికోసమో తేలిగ్గా అర్థమవుతుంది. హైడ్రిల్లాకు అవభాసిని నామమాత్రం, పత్రరంధ్రాలు లేవు, దారువు బాగా తగ్గిపోయింది, నీళ్లలోంచి తీస్తే వాలిపోతుంది. అయినా పూలను మాత్రం వదల్లేదు: మగ పూలు తెగి పైకి తేలి నీటి మీదే పరాగాన్ని చేరుస్తాయి. వరి మళ్లలో వేసే అజోలా ఫెర్న్ కుటుంబానిదే. కోరింగ మడ అడవుల్లో సమస్య తిరగబడింది. నీరు పుష్కలం, బురదలో ఆక్సిజన్ లేదు, ఉప్పు ఎక్కువ. అవిసీనియా జాతి మడ చెట్లు బురదలోంచి పైకి శ్వాసవేళ్లను పంపుతాయి, ఆకుల మీది గ్రంథుల నుంచి ఉప్పును బయటికి తోస్తాయి. ఎండ బాగా కాసిన రోజు ఆ ఆకును వేలితో రుద్దితే ఉప్పు పలుకులు తగులుతాయి.